ఏటిగట్టు మీది స్విచ్

రాజమండ్రి గూడ్స్ యార్డులో దిగేసరికి వాన పడుతోంది. శ్రావణ మాసం. రెండు వేల సంవత్సరం దాటి అప్పటికి కొన్నేళ్ళయింది. రెండు లారీలు, ఒక జీపు, పద్దెనిమిది మందిమి. సామాను తడుస్తుందని ఉన్న టార్పాలిన్లన్నీ పెట్టెల మీద కప్పి మేం తడిశాం. "మనుషుల్ని ఆరబెట్టుకోవచ్చు, పెట్టెల్ని ఆరబెట్టలేం" అన్నాడు సుబేదార్ సాబ్. ఆయనది రాజస్థాన్. అన్ని నీళ్ళు ఒక్కచోట అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. లారీ వంతెన ఎక్కగానే మాట్లాడటం మానేశాడు.

కింద గోదావరి ఎర్రగా ఉంది. గట్టుకీ గట్టుకీ మధ్య ఎక్కడా ఇసుక కనబడటం లేదు. వేళ్ళతో సహా లేచిన చెట్లు, ఎవరిదో పాక కప్పు, ఒక గేదె కళేబరం, అన్నీ సముద్రం వైపు పోతున్నాయి.

"ఇది ఇంకా పెరుగుతుందా?" అని అడిగాడు కాసేపటికి.

"పెరుగుతుంది సాబ్. పైన ఇంకా వానలు పడుతున్నాయట."

"నీ ఊరు ఇటేగా?"

"ద్రాక్షారామం దగ్గర."

"డ్యూటీ అయ్యేదాకా ఆ మాట మర్చిపో."

మా వీధిలో వాళ్ళు అప్పుడప్పుడూ అడుగుతుంటారు. మిలటరీలో చేశారు కదండీ, యుద్ధం చూశారా అని. పిల్లలైతే ఎంతమందిని కాల్చారని కూడా అడుగుతారు. మంచు కొండల మీద చలికాలాలు గడిపాను. అవతలి వైపు నుంచి వచ్చే గుండ్ల చప్పుడుకు నిద్ర అలవాటు చేసుకున్నాను. అవేవీ నాకు కలలోకి రావు. నన్ను పడగొట్టిన డ్యూటీ ఇది. శత్రువు లేడు, తుపాకి పెట్టెలోంచి తీయలేదు, అంతా నా సొంత జిల్లాలోనే. అందుకే అడిగినప్పుడల్లా ఇదే చెబుతాను. సగం వినేసరికి చాలామందికి ఏదో పని గుర్తొస్తుంది.

నా పని సమాచార విభాగంలో. హవల్దారుని. ఒకచోట నుంచి ఇంకోచోటికి మాట పోయేట్టు చూడటమే నా కొలువు.

మా పోస్టు రావులపాలెం దిగువన, ఏటిగట్టు పక్కనే ఉన్న ఒక హైస్కూలు మేడ మీద గది. ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. బల్లలన్నీ ఒక మూలకు నెట్టాం. మేడ మీద ఇనుప స్తంభం ఎత్తి రేడియో యాంటెన్నాలు రెండు బిగించాం. వరండాలో జనరేటరు. గదిలో బ్యాటరీలు, ఒక ల్యాప్‌టాప్, ఒక స్విచ్. స్విచ్ అంటే గోడకుండే దీపం స్విచ్ కాదు. రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టినంత పెట్టె. ముందు వైపు వరసగా రంధ్రాలు, ఒక్కో రంధ్రం మీద ఒక చిన్న ఆకుపచ్చ దీపం.

ఆ పెట్టెకు మూడు వైపులు. వెనక రాజమండ్రిలో కంట్రోల్ రూము. కింద, గట్టు దిగితే రేవు. అక్కడ రేకుల షెడ్డులో హోదాలో నాకంటే ఒక మెట్టు కింద ఉండే నాయక్ ఒకడు, ఒక కంప్యూటరు, నాలుగు మోటారు పడవలు. ఎదురుగా ఏటి మధ్యలో లంక. లంకలో సగం అరటితోటలు అప్పటికే మునిగాయి. మిగిలిన జనమంతా ప్రాథమిక పాఠశాల మెరక మీదికి చేరారు. ఆ బడిలో మా ఆపరేటర్ని దింపాం. పంజాబీ మనిషి. అతనికి ఒక ల్యాప్‌టాప్, ఒక రేడియో లింకు, మాట్లాడుకునే సెట్టు ఒకటి ఇచ్చాం. ఆ సెట్టు మొదటి రోజే పడవ దిగుతుంటే నీళ్ళలో పడింది, ఇవ్వడానికి ఇంకొకటి లేదు. సెల్‌ఫోన్ టవర్లు ముందే మూగబోయాయి. ఇక అతను ఏం చెప్పాలన్నా టైపు కొట్టి పంపాల్సిందే. అది రేడియోలో మా మేడ మీదికి వస్తుంది, స్విచ్‌లోకి దిగుతుంది, స్విచ్ దాన్ని రేవుకు పంపుతుంది. నాయక్ చదివి పడవ పంపుతాడు. మిగతా లంకల వాళ్ళకు సెట్లు పనిచేస్తున్నాయి కాబట్టి వాళ్ళు నేరుగా రేవుతోనే మాట్లాడేవాళ్ళు.

స్విచ్ ఏం చేస్తుందో కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఎక్కడికి పోవాల్సిన సందేశం ఏ దారిన పోవాలో దానికి ముందుగా రాసి పెట్టాలి. దాన్ని రూటింగ్ అంటాం. దారి చివర ఇంకో మెట్టు ఉంటుంది. ప్రతి కంప్యూటరుకూ మనం ఇచ్చే ఐపీ నంబరు ఒకటి. దాని లోపలున్న కార్డుకు ఫ్యాక్టరీలో పడిన నంబరు ఇంకొకటి. మొదటిది ఎప్పుడైనా మార్చుకోవచ్చు. రెండోది కార్డుతోనే పుట్టి కార్డుతోనే పోతుంది. ఈ ఐపీ నంబరు అంటే ఈ కార్డు అని స్విచ్ లోపల ఒక పట్టిక ఉంటుంది. నెయ్‌బర్ పట్టిక, అంటే పక్కనున్నవాళ్ళ పట్టిక. మామూలుగా అయితే దాన్ని ఎవరూ రాయక్కర్లేదు. ఈ నంబరు ఎవరిదర్రా అని స్విచ్ అందరికీ వినబడేలా కేక వేస్తుంది. ఉన్నవాడు నాదే అని పలుకుతాడు. స్విచ్ రాసుకుంటుంది. కార్డు మారితే మళ్ళీ అడిగి మార్చుకుంటుంది.

మా దగ్గర ఆ కేకను మూయించారు. మా పై అధికారి కెప్టెన్ గారి ఆర్డర్లు రెండు. ఒకటి, పక్క యంత్రాల వివరాలు చేత్తోనే రాయాలి, స్విచ్ తనంతట తాను ఏదీ నేర్చుకోకూడదు. రెండు, అవసరం ఉంటేనే సందేశం, ఊరికే పలకరింపులు ఉండకూడదు. సరిహద్దులో ఈ రెండూ సబబే. అక్కడ ఎవడో దొంగచాటుగా కంప్యూటరు తగిలించి ఆ నంబరు నాదే అని పలకొచ్చు. ఎక్కువ మాట్లాడితే అవతలివాడు వినొచ్చు. గోదావరి లంకలో దొంగచాటుగా పలికేది ఎవరు? అరటిచెట్లా? అయినా ఎక్కడికి వెళ్ళినా మా వెంట ఆర్డర్లు కూడా లారీ ఎక్కుతాయి, దిగేటప్పుడు ఎవరూ విప్పి చూడరు.

మొదటి సాయంత్రం కూర్చుని రాశాను. ఐపీ రూటింగ్ ఆన్ చేశాను. మూడు దారులు పెట్టాను. పట్టికలో ఒక్కో ఐపీ నంబరుకు ఎదురుగా ఒక్కో కార్డు నంబరు కొట్టాను. సుబేదార్ సాబ్ నా వెనక నిలబడి ప్రతి అక్షరం పైకి చదివాడు. తప్పు లేదు. ఈ రోజుకీ చెబుతాను, అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. సేవ్ చేశాం. ఇక కెప్టెన్ గారి అనుమతి లేకుండా దాని మీద ఎవరూ చెయ్యి వేయకూడదు.

మర్నాడు పొద్దున సత్తిబాబు గారు మేడ మెట్లెక్కి వచ్చారు. యాభై ఏళ్ళుంటాయి. లంకలో అరటి రైతు. వరద పెరగకముందు గెలలు వేసుకుని రావులపాలెం మార్కెట్టుకు వచ్చారు. గెలలు అమ్మేలోపు ఏరు తిరుగుదారి మూసేసింది. భార్య లంకలో ఉండిపోయింది. ఆయన గట్టు మీద ఉండిపోయాడు. మా పడవలు లంక నుంచి ఇటు మనుషుల్ని తేవడమే గాని, ఇటు నుంచి అటు ఎవర్నీ ఎక్కించుకోవు. ముందు పిల్లల్నీ ముసలివాళ్ళనూ తెస్తున్నారు, ఆవిడ వంతు ఇంకా రాలేదు. ఆ వరసా ఆర్డరే.

"లోపలికి రావొచ్చా అండి?"

నేను తెలుగులో జవాబు చెప్పగానే ఆయన ముఖం విప్పారింది.

"మీరు మనోళ్ళేనా అండి! ఏ ఊరండి?"

"ద్రాక్షారామం దగ్గరండి."

"ఇంకేం, పక్కనే కదండీ. అప్పుడప్పుడు భీమేశ్వర స్వామి గుడికి వస్తూనే ఉంటామండి." తలుపు దగ్గరే చతికిలబడ్డాడు. "మా ఆవిడ అక్కడుందండి, వీరవేణి. ఇదిగో ఆ బడిలోనే. ఈ పెట్టెలో ఆవిడ మాట కూడా వస్తుందా అండి?"

"ఆవిడ మాట రాదండి. అక్కడున్న మావాడు ఏదైనా అవసరం ఉంటే రాసి పంపుతాడు."

"అయితే మీవాడికి ఊపిరాడదండి. రాయమని ఆవిడ బోలెడు చెబుతుంది."

నవ్వాను. సుబేదార్ సాబ్ ఏమిటన్నాడు. హిందీలో చెప్పాను. ఆయనా నవ్వాడు. ఆ మేడ మీదున్న మా నలుగురిలో ఎవరం ఎప్పుడు నవ్వినా అది సత్తిబాబు గారి వల్లే. రోజూ రెండు మూడుసార్లు వచ్చేవాడు. పునరావాస కేంద్రంలో ఇచ్చిన పులిహోర పొట్లం తెచ్చి మాకు తినమనేవాడు. వద్దంటే వినడు. మీ వంట చూశానండి, దాని కంటే ఇది నయం అనేవాడు. పోతూ పోతూ ఆకుపచ్చ దీపాల వైపు చూసి ఇందులో మా లంక ఏదండి అని అడిగేవాడు. ఎడమ నుంచి రెండోది చూపించాను. అది మిణుక్కుమన్నప్పుడల్లా, "అదిగో, ఏదో చెబుతోంది" అనేవాడు.

లంకలోని మా ఆపరేటరు నోరు కట్టుకునే మనిషి కాదు. అవసరం ఉంటేనే సందేశం అన్న ఆర్డరును తనకు కావలసినట్టు అర్థం చేసుకున్నాడు. పొద్దున్నే రేవుకు టైపు కొట్టేవాడు. టీ పొడి కావాలి. చక్కెర కావాలి. ఉల్లిపాయలు కావాలి, పోయినసారి పంపినవి కుళ్ళినవి. నాయక్ తిట్టుకుంటూ పడవలో వేసి పంపేవాడు.

ఏరు తగ్గుముఖం పడుతోందని చెప్పిన రోజున గాలి లేచింది. తెల్లవారుతూనే పడమటి గాలి. గట్టు మీద ఇసుక బస్తాలు పేర్చేవాళ్ళ గోనెలు ఎగిరిపోతున్నాయి. మా స్తంభం ఊగితే తాళ్ళు మళ్ళీ బిగించాను. దిగి వచ్చేసరికి సత్తిబాబు గారు గుమ్మంలో ఉన్నారు. తలకు తువ్వాలు చుట్టుకుని, తడిసి.

"లంక నుంచి ఏమన్నా కబురు వచ్చిందా అండి?"

"వస్తే రేవుకు వస్తుందండి, మా దగ్గర ఆగదు."

"రేవులో అడిగానండి. ఏం రాలేదన్నారు."

సుబేదార్ సాబ్ గడ్డం గీసుకుంటున్నాడు. ఏమిటని అడిగాడు. చెప్పాను. అద్దంలోంచే అన్నాడు: "సందేశం రాలేదంటే అవసరం రాలేదని. చెప్పు అతనికి. బెంగ వద్దని చెప్పు."

నేను చెప్పాను. ఆ మాటను తెలుగులో ఎంత మెత్తగా చెప్పొచ్చో అంత మెత్తగా చెప్పాను. కబురు లేదంటే అంతా బాగున్నట్టేనండి, మావాడు అక్కడే ఉన్నాడు కదా అన్నాను.

"అంతేనంటారా?" సత్తిబాబు గారు కాస్త తేరుకున్నాడు. "ఏం లేదండి, మా వీరవేణి ఇంతసేపు ఏమీ అడక్కుండా ఉండటం పెళ్ళయిన కాణ్ణించి చూళ్ళేదండి. అదీ బెంగ."

ఎడమ నుంచి రెండో దీపం మిణుక్కుమంది. ఆయన చూశాడు. "అదిగో" అన్నాడు. మామూలేనండి, యంత్రాలు వాటిలో అవి మాట్లాడుకుంటాయి అన్నాను. అదీ నిజమే. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ నాయక్ రేవు నుంచి పైకి వచ్చాడు. పళ్ళెంలో అన్నం పెట్టుకుంటూ అడిగాడు.

"మీ పంజాబీకి ఒంట్లో బాగోలేదా? ఇవాళ ఉల్లిపాయలు కూడా అడగలేదు."

ఆ మనిషి జ్వరమొస్తే జ్వరానికి రొట్టె కావాలని అడిగే రకం. పళ్ళెం కింద పెట్టి స్విచ్ దగ్గరకు వెళ్ళాను. లంక వైపు నుంచి లోపలికి వచ్చిన సందేశాల లెక్క చూశాను. పొద్దుట్నుంచి వస్తూనే ఉన్నాయి. రేవు వైపు బయటికి పోయిన లెక్క చూశాను. పోతూనే ఉన్నాయి. మరి నాయక్‌కు చేరలేదంటే ఎక్కడికి పోయాయి?

"నీ కంప్యూటరుకు ఏమైనా అయిందా?"

"పొద్దున గాలికి షెడ్డు రేకు లేచిపోయింది. కంప్యూటరు నిండా నీళ్ళు. స్పేరుది పెట్టేశాను."

"నాకు చెప్పలేదే!"

"చెప్పడానికేముంది? పాత నంబరే వేశాను, ఎవరికీ ఇబ్బంది లేకుండా. నా రిపోర్టులు రాజమండ్రికి పోతూనే ఉన్నాయి."

పోతాయి. అతను పంపేవన్నీ పోతాయి. అతనికి రావాల్సినవే రావు. ఐపీ నంబరు పాతదే, కార్డు కొత్తది. నా పట్టికలో ఆ నంబరుకు ఎదురుగా పాత కార్డే ఉంది. స్విచ్ ప్రతి సందేశాన్నీ అందుకుని, దారి చూసుకుని, రేవు వైపుకు పంపి, షెడ్డు మూల నీళ్ళోడుతున్న చచ్చిన కంప్యూటరు పేరున వదిలేస్తోంది. కొత్తది పక్కనే కూర్చుని తనది కాదని ఊరుకుంది. పైగా మా సందేశాల ప్రోగ్రాము చేరిందా అని అడిగే రకం కాదు. పంపేసి పంపాను అంటుంది. అక్కడ ఆపరేటరుకు ప్రతిసారీ పంపినట్టే కనబడుతుంది. ఇక్కడ నాయక్‌కు లంక ప్రశాంతంగా ఉన్నట్టే కనబడుతుంది. పలకరింపులు వద్దన్నారు కాబట్టి ఎవరూ ఎవర్నీ పలకరించలేదు.

సుబేదార్ సాబ్‌కు నాలుగు మాటల్లో చెప్పాను. కెప్టెన్ గారు హెలికాప్టర్లో కోనసీమ కింది లంకల మీద ఉన్నారు. ఆయన దొరకడానికి సాయంత్రం అవుతుంది. సుబేదార్ సాబ్ స్విచ్ వైపు చూశాడు. తర్వాత కిటికీలోంచి ఏటి వైపు చూశాడు.

"రాయి" అన్నాడు. "అడిగితే నేను చెప్పానని చెప్పు."

రాశాను. చేత్తో రాసిన ఆ ఒక్క వరస తీసేశాను. అడిగి తెలుసుకోమని స్విచ్‌కు అనుమతి ఇచ్చాను. రెండు లైన్లు. స్విచ్ కేక వేసింది, రేవులో కొత్త కంప్యూటరు పలికింది, పట్టికలో కొత్త కార్డు పడింది. రెప్పపాటు పట్టింది. ఆ రెప్పపాటు పని కోసం పొద్దుట్నుంచి అక్కడ ఏం ఆగి ఉందో నాకింకా తెలియదు.

ల్యాప్‌టాప్ తీసి లంకకు నేనే టైపు కొట్టాను. అంతా బాగేనా అని. డ్యూటీ మొదలయ్యాక మా పోస్టు నుంచి లంకకు పోయిన మొదటి పలకరింపు అదే.

జవాబు వెంటనే వచ్చింది.

"పడవ ఎక్కడ? పొద్దుట్నుంచి ఐదుసార్లు పంపాను. పాముకాటు. ఆడమనిషి. ఇప్పుడు మాట కూడా పడిపోయింది."

పేరు అడిగాను. కాసేపు ఏమీ రాలేదు. అక్కడ ఎవర్నో అడుగుతున్నట్టుంది. తర్వాత వచ్చింది. వీరవేణి.

నాయక్ అప్పటికే మెట్లు దూకుతూ దిగుతున్నాడు. నాలుగు పడవలూ ఎగువ లంకల్లో ఉన్నాయి. అక్కడివాళ్ళు సెట్టులో అడిగారు, వీళ్ళు పంపారు. ఈ లంక అడగలేదు కాబట్టి దీనికి ఒక్కటీ ఉంచలేదు. పొద్దున రేవులో నాలుగూ కట్టేసి ఉన్నాయట. నాయక్ సెట్టులో అరిచి ఒకదాన్ని వెనక్కు తిప్పాడు. దాన్నిండా పిల్లలూ ముసలివాళ్ళూ ఉన్నారు. వాళ్ళను గట్టుకు దింపకుండా ఏటికి అడ్డం పోలేదు. రేవు నుంచి నేరుగా పోతే బీడీ కాల్చుకునేంత దూరం ఆ లంక. ఆ పడవ అక్కడికి చేరేసరికి పొద్దు పడమటికి వాలింది.

సత్తిబాబు గారికి చెప్పడానికి నేనే వెళ్ళాను. తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. రేవు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పాము కరిచిందండి, పడవ బయల్దేరింది అన్నాను. లేచి నిలబడ్డాడు. నడుముకు చుట్టిన తువ్వాలు తీసి మళ్ళీ చుట్టుకున్నాడు.

పడవ వచ్చింది. లంక ఆడవాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్ళు ఏడుస్తున్న తీరు చూస్తే ఒడ్డుకు రాకముందే తెలిసిపోయింది. వంట చెయ్యడానికి బడి వెనక కొబ్బరి మట్టలు తియ్యబోతే తాచుపాము కరిచిందట. బడి దగ్గర ఉన్నవాళ్ళందరికీ ఆవిడే వండి పెడుతోందట. ఏటి మధ్యలో ప్రాణం పోయింది. అంబులెన్సు గట్టు మీద సిద్ధంగా ఉంది. డాక్టరు కిందికి దిగి చూసి పైకి వెళ్ళిపోయాడు.

సత్తిబాబు గారు ఏడవలేదు. నా వైపు తిరిగాడు.

"కబురు లేదంటే బాగున్నట్టేనన్నారు కదండీ."

సుబేదార్ సాబ్ నా పక్కనే ఉన్నాడు. బయటివాళ్ళతో ఏమీ మాట్లాడవద్దని దారిలోనే చెప్పాడు. నేను తెలుగులో చెప్పాను. "కబురు వచ్చిందండి. మా పెట్టె దాకా వచ్చింది. అక్కణ్ణించి రేవుకు చేరలేదు."

"అంటే అడిగిందన్నమాట."

"అడిగిందండి."

"ఎన్నిసార్లండి?"

"ఐదుసార్లు."

ఆయన తల ఊపాడు. "అడుగుతుంది. అడక్కుండా ఉండే మనిషి కాదండి." తర్వాత మళ్ళీ అన్నాడు, ఈసారి నాకు కాదు, "పొద్దున ఆ దీపం మిణుక్కుమంటే నేను చూశాను."

ఏం చెబుతున్నావని సుబేదార్ సాబ్ హిందీలో అడిగాడు. ధైర్యం చెబుతున్నాను సాబ్ అన్నాను.

విచారణ జరిగింది. కెప్టెన్ గారు మంచివాడు, కేకలేయలేదు. కంప్యూటరు మార్చిన నాయక్ తన పని తాను చేశాడు. పట్టిక రాసిన నేను ఆర్డరు ప్రకారం రాశాను. ఆర్డరు ఇచ్చినవాళ్ళు ఎప్పటినుంచో ఉన్న ఆర్డరే ఇచ్చారు. ఎవరి తప్పూ లేదని తేలింది. నిజంగానే ఎవరి తప్పూ లేదు. నాకు మింగుడు పడనిది అదే. ఒకడి తప్పయితే వాణ్ణి తిట్టుకుంటూ బతకొచ్చు. నా తప్పయితే నన్ను నేను తిట్టుకునేవాణ్ణి. అందరం సరిగ్గా చేస్తే మనిషి చచ్చిపోయింది. ఆ తర్వాత సరిగ్గా చేయడం మీదే నాకు నమ్మకం పోయింది.

ఏరు తగ్గింది. లంకలో బురద, కుళ్ళిన అరటి కంపు. ఆపరేటర్ని వెనక్కు తెచ్చాం. సన్నబడ్డాడు. భోజనం దగ్గర ఎవరు ఏం పెడితే అది తిన్నాడు. ఒక్కసారి మాత్రం నాతో అన్నాడు. "ప్రతిసారీ పంపబడింది అనే వచ్చింది భాయ్. నేను ఆవిడకు అదే చూపించాను. చూడమ్మా, పోయింది, వస్తున్నారు అని. తెర మీద వేలు పెట్టి చూపించాను. ఆవిడ తల ఊపింది."

తర్వాత యూనిట్‌కు తిరిగి వెళ్ళిపోయాం. మళ్ళీ కొండలు, మళ్ళీ మంచు. ఇంకొన్నాళ్ళు చేసి పింఛను తీసుకుని వచ్చేశాను. ఇప్పుడు రాజమండ్రిలో ఒక కాలేజీలో నెట్‌వర్క్ పని చూస్తున్నాను. ఇక్కడి స్విచ్‌లు తమంతట తామే అడిగి తెలుసుకుంటాయి, నేనేమీ ఆపలేదు. అయినా ఎక్కడ ఒక కంప్యూటరు మార్చినా ఫోన్ చేసి, ఇటు నుంచి ఒకటి పంపి, అందిందా అని అడిగి, అటువాళ్ళ నోటితో అందిందని వినేదాకా కదలను. చాదస్తం అంటారు ఆఫీసులో. అననీ. ఇంట్లో కూడా అంతే. మా ఆవిడ పుట్టింటికి వెళ్ళి ఒక పూట ఫోన్ చేయకపోతే అన్నం దిగదు. కబురు లేదంటే బాగున్నట్టేనని ఎవరైనా అంటే లేచి బయటికి వెళ్ళిపోతాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత మెత్తగా వచ్చిందో నాకు తెలుసు.

ఇవన్నీ కాలం గడిచిన కొద్దీ కాస్త అరిగాయి. ఒకటి మాత్రం అరగలేదు.

మేం సామాను సర్దుకుంటున్న రోజు. స్తంభం దింపేశాం. లారీ గట్టు మీద బయల్దేరడానికి నిలబడి ఉంది. వాన వెలిసి ఎండ కాస్తోంది. సత్తిబాబు గారు గట్టు మీదుగా నడిచి వస్తున్నాడు. గుండు చేయించుకున్నాడు. చేతిలో ఏదో ఉంది. తిట్టడానికి వస్తున్నాడేమో అనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను. లారీ దిగి ఎదురు వెళ్ళాను.

"వెళ్ళిపోతున్నారా అండి?"

"వెళ్ళిపోతున్నామండి."

"ఇది మీదండి." రెండు చేతులా పట్టుకుని ఇచ్చాడు. "మీ ఆపరేటరు బాబు మా ఆవిడ కాలికి కట్టాడండి, విషం పైకి ఎక్కకుండా. ఆ వేళకు ఇంకేం దొరకలేదట. గవర్నమెంటు సామాను కదా, మళ్ళీ మీకు మాట వస్తుందేమోనని తెచ్చానండి. సబ్బు పెట్టి కడిగాను."

నెట్‌వర్క్ తీగ. బూడిద రంగుది, బారెడు. పగ్గం చుట్టినట్టు శుభ్రంగా చుట్టి, అదే తీగ కొసతో కట్టాడు. ఒక చివర ప్లగ్గు అలాగే ఉంది. ఆయన చేతులు జోడించి, "వస్తానండి" అని వెనక్కు తిరిగాడు.

లారీలో ఆ తీగ చుట్ట విప్పి చూశాను. సబ్బు వాసన వేస్తోంది. మధ్యలో ముడి వేసిన చోట తీగ గట్టిగా మడత పడి ఉంది. రాజమండ్రి వచ్చేదాకా ఒళ్ళో పెట్టుకుని రెండు బొటనవేళ్ళతో సాగదీస్తూ కూర్చున్నాను. మడత పోలేదు.